ఆకలి పుట్టినిల్లు

ఆకలి ఎక్కడ పుట్టునని అడిగినచో పసిపిల్లవాడు సైతము కడుపుమీద చేయి వేసి చూపును. మన భాషయు ఆ మాటనే చెప్పుచున్నది. కడుపు మాడుచున్నదందుము, కడుపు కాలుచున్నదందుము, కడుపులో ఎలుకలు పరుగెత్తుచున్నవందుము. మన ప్రాచీన వైద్యులు అన్నమును పక్వము చేయు అగ్నిని జఠరమునందే నిలిపిరి. పాశ్చాత్య వైద్యులును చిరకాలము ఇట్లే తలచిరి. కాని గడచిన నూరేండ్లకు పైబడిన కాలమున జరిగిన పరిశోధనలు ఆకలి నివాసమును కడుపునుండి తలకు మార్చినవి. ఈ మార్పు ఒక్కనాటిలో వచ్చినది కాదు, ఒక్కరి వలన వచ్చినదియు కాదు. అయినను దానిలో ముఖ్యమైన యొక ఘట్టమునకు కర్త ఒక భారతీయ శాస్త్రజ్ఞుడు. ఆయన కనుగొనిన దానిని, దానికి తరువాతివారు చేసిన సవరణలను, వానినుండి మనము గ్రహింపవలసిన విషయమును ఇచట సంగ్రహముగా చెప్పెదను.

ఆకలి కడుపుదే యను విశ్వాసమునకు ప్రయోగము ద్వారా ప్రమాణము చూపినవారు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టర్ కానన్, ఆయన శిష్యుడు వాష్‌బర్న్. 1912 లో వారు ప్రకటించిన ప్రయోగము చెప్పుటకు సులభము, చేయుటకు ఓర్పు కావలసినది. వాష్‌బర్న్ ఒక రబ్బరు బుడగను, దానికి తగిలించిన గొట్టముతో సహా మ్రింగెను. కడుపు ముడుచుకొనినప్పుడెల్ల బుడగ నొక్కుకొనిపోయి, వెలుపల తిరుగుచున్న కాగితముమీద ఒక గుర్తు పడుచుండెను. తనకు ఆకలిబాధ తోచినప్పుడెల్ల ఆయన ఒక మీటను నొక్కుచుండెను. ఈ రెండు గుర్తులను పోల్చి చూడగా అవి జతగా నడచినవి. కడుపు ముడుచుకొనుటయే ఆకలికి మూలమని గురుశిష్యులు తేల్చిరి.

ఈ నిర్ణయమునకు కొలది కాలములోనే చిక్కులు వచ్చినవి. రోగకారణమున జీర్ణకోశమును పూర్తిగా తీసివేయించుకొనినవారు సైతము తమకు ఆకలి యగుచున్నదని చెప్పిరి. జీర్ణకోశము లేని ఎలుకలును వేళకు తిండి వెదకుకొనినవి. దీనినిబట్టి ఖాళీ కడుపు ఒక గంటవంటిదని చెప్పవచ్చును. కాని ఆ గంటను విని లేచునది, లేవవలెనా వద్దా యని నిర్ణయించునది వేరొకటి యుండి తీరవలెను.

ఆ వేరొకదాని జాడ ఆసుపత్రులలో అంతకు ముందే కనబడియుండెను. స్థూలకాయము గలిగి మరణించిన ఒక స్త్రీకి మెదడు అడుగుభాగమున కంతి యున్నట్లు 1840 లోనే మోర్ అను జర్మను వైద్యుడు వ్రాసెను. 1901 లో వియన్నా నగరమున ఫ్రోలిష్ అను వైద్యుడు పదునాలుగేండ్ల బాలుని గూర్చి తెలిపెను. ఆ బాలునికి చూపు మందగించెను. యౌవనలక్షణములు కలుగలేదు. శరీరము మాత్రము త్వరత్వరగా లావెక్కెను. మెదడు క్రిందనుండు పిట్యూటరీ గ్రంథి దగ్గర కంతి పెరుగుటయే దీనికి కారణము. దోషము ఆ గ్రంథిదేనని పలువురు భావించిరి. గ్రంథి చెడకున్నను, దానికి పైనున్న మెదడు భాగము చెడినంతమాత్రమున ఈ స్థూలత్వము కలుగునని అదే నగరమున ఎర్డ్‌హైమ్ 1904 లో వాదించెను. ఆ మెదడు భాగమునకు హైపోథలమస్ అని పేరు. మనుష్యునియందు అది బాదంపప్పంత యుండును. శరీరపు వేడిమి, దప్పిక, నిద్ర, సంతానమునకు సంబంధించిన హార్మోనులు, వీనియన్నిటి నిర్వహణలోను దానికి పాలు కలదు.

ఇరుపక్షముల వాదము తీరుటకు తగిన పరికరము కావలసియుండెను. 1908 లో లండనున హార్స్‌లీ, క్లార్క్ అను నిరువురు దానిని వర్ణించి ప్రకటించిరి. జంతువు తలను ఒక చట్రమున కదలకుండ బిగించి, మూడు దిక్కుల కొలతలు తీసికొని, మెదడు లోతుననున్న బిందువును సూదివంటి తీగతో చేరుటకు ఆ పరికరము వీలు కల్పించెను. తీగ కొననుండి విద్యుత్తును పంపి మిగిలిన భాగమునకు పెద్ద హాని లేకుండ ఒక్క చిన్న చోటును మాత్రమే చెరుపవచ్చును. చికాగో ప్రాంతమునందలి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున హెదరింగ్‌టన్, రాన్సన్ అనువారు ఈ పద్ధతిని ఎలుకలకు అనువుపరచి, 1940 లో తమ ఫలితములను ప్రకటించిరి. హైపోథలమస్ యొక్క నడిమి భాగము ఇరువైపుల చెడిన ఎలుకలు, పిట్యూటరీ గ్రంథి చెక్కుచెదరకున్నను, వికారముగా లావెక్కినవి. యేల్ విశ్వవిద్యాలయమున జాన్ బ్రోబెక్, ఆయన సహచరులు 1943 లో మరియొక మెట్టు ఎక్కిరి. ఈ ఎలుకలు లావెక్కుటకు ముఖ్యకారణము అవి మేర లేక తినుటయేనని వారు చూపిరి. కొన్ని ఎలుకలు మత్తుమందు పూర్తిగా తీరకముందే తినసాగినవట! దీనితో ‘చాలు’ అను మాట పలుకు తావు తెలిసినట్లయ్యెను. మరి ‘కావలెను’ అను మాట పలుకు తావు ఏది?

ఈ ప్రశ్నకు సమాధానము తెచ్చినవాడు డాక్టర్ బాలకృష్ణ ఆనంద్. ఆయన 1917 లో జన్మించెను. వైద్యవిద్య ముగించి, శరీరధర్మశాస్త్ర బోధనను వృత్తిగా స్వీకరించి, ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాలలో ఆచార్యుడుగా పనిచేసెను. రాక్‌ఫెల్లర్ సంస్థ ఇచ్చిన ఫెలోషిప్‌తో 1950 ప్రాంతమున యేల్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి బ్రోబెక్ ప్రయోగశాలలో చేరెను. అచట ఇరువురును కలిసి ఎలుకల హైపోథలమస్‌ను అంగుళములతో గాక మిల్లీమీటరు పాళ్ళతో కొలిచి, ఒక్కొక్క తావును చెరిపి, అవి రోజునకు ఎంత తినుచున్నవో తూచి, చివరకు మెదడును పలుచని పొరలుగా కోసి, చెడిన తావు ఏదో సూక్ష్మదర్శినితో సరిచూచిరి.

1951 లో ప్రకటింపబడిన ఫలితము ఇది. నడిమి భాగమునకు సరిగా ఎదురుగా, హైపోథలమస్ కొట్టకొన ప్రక్కలయందు, ఒక చిన్న తావు కలదు. దానిని ఒక్క వైపున చెరిపినచో చెప్పుకోదగిన భేదము లేదు. ఇరువైపుల చెరిపినచో ఎలుక తిండి ముట్టదు. నోటి యెదుట ఆహారమున్నను తినక శుష్కించి మరణించును. అంతకు ముందే నడిమి భాగము చెడి, అతిగా తినుటకు అలవాటు పడిన ఎలుకకు ఈ ప్రక్క తావులను చెరిపినను ఫలితము ఇదే. తిండిపోతు ఎలుక ఒక్కసారిగా నిరాహారియగును. దీనినిబట్టి వారు ప్రక్క తావునకు ‘ఆహారకేంద్ర’మని పేరు పెట్టిరి. నడిమి తావు ‘తృప్తికేంద్ర’మనియు, అది ఆహారకేంద్రమునకు పగ్గము వేయుచుండుననియు శాస్త్రజ్ఞులు భావించిరి. ఒకటి పరుగెత్తించునది, మరియొకటి నిలుపునది. బండికి ఎద్దులును, పగ్గమును ఉన్నట్లు ఆకలికిని ఈ రెండును ఉన్నవను సిద్ధాంతము ఇరువది యేండ్ల కాలము పాఠ్యగ్రంథములను ఏలెను.

ఆనంద్ ఆ ఒక్క ఫలితముతో తృప్తిపడలేదు. 1953 లో హోసే డెల్గాడోతో కలిసి, పిల్లుల హైపోథలమస్ ప్రక్క భాగమును విద్యుత్తుతో ప్రేరేపించినచో అవి మునుపటికంటె ఎక్కువ తినునని చూపెను. చెరుపుటవలన తిండి మానుట యొక నిదర్శనమైనచో, రేపుటవలన తిండి పెరుగుట మరియొక నిదర్శనము. స్వదేశమునకు వచ్చి, సహచరులతో కలిసి పిల్లులయందును కోతులయందును ఇట్టి ఏర్పాటే యున్నదని 1955 లో ప్రకటించెను. 1956 లో పార్లమెంటు శాసనముచే అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ ఏర్పడిన పిమ్మట, అచట శరీరధర్మశాస్త్ర శాఖను తీర్చిదిద్దెను. ఛీనా, బల్‌దేవ్ సింగ్ అను సహచరులతో ఆయన 1962 లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. రక్తమునందు చక్కెర పెరిగినప్పుడు తృప్తికేంద్రమున విద్యుత్‌చలనము హెచ్చుననియు, ఆహారకేంద్రమున తగ్గుననియు, చక్కెర తగ్గినప్పుడు ఇది తారుమారగుననియు వారు కనుగొనిరి. మెదడు రక్తమును రుచి చూచుచున్నదని దీని భావము. 1963 లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానమును, 1969 లో పద్మశ్రీ బిరుదమును లభించినవి. ఆయన 2007 లో కీర్తిశేషుడయ్యెను.

సిద్ధాంతము ఎంత అందముగా నున్నను ప్రకృతి దానికి లోబడియుండవలెనను నియమము లేదు. 1954 లోనే టైటెల్‌బామ్, స్టెల్లర్ అను పరిశోధకులు, ఆహారకేంద్రము చెడిన ఎలుకలకు గొట్టము ద్వారా పాలు పోసి బ్రతికించిరి. కొన్ని వారములు గడచిన పిదప అవి మొదట రుచిగల మెత్తని ఆహారమును, తరువాత మామూలు తిండిని తినసాగినవి. ఆకలికి అదొక్కటే ఆధారమైనచో, అది నశించిన పిమ్మట ఆకలి మరల ఎక్కడనుండి వచ్చినది? పైగా ఈ ఎలుకలు తిండిని మాత్రమే మానలేదు. నీరును మానినవి. ఒడలు కదల్చుట, చుట్టుప్రక్కల వానిని గమనించుట కూడ తగ్గించినవి. పోయినది ఆకలి మాత్రమేనా, లేక దేనినైనను కోరి కదలు శక్తియా?

దీనికి సమాధానము రసాయనశాస్త్రము వైపునుండి వచ్చెను. మెదడు కణములు ఒకదానితో నొకటి రసాయనముల ద్వారా మాటలాడుకొనును. 1960 లో సెబాస్టియన్ గ్రాస్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఎలుక హైపోథలమస్‌లోనికి సన్నని గొట్టము ద్వారా రసాయనములను పంపెను. కడుపునిండిన ఎలుకకు నార్ అడ్రినలిన్ ఇచ్చినచో అది తినసాగెను. అదే తావున కార్బకోల్ ఇచ్చినచో నీరు త్రాగసాగెను. తావు ఒక్కటే, రసాయనము మారుటతో కోరిక మారెను! కావున స్థలమును గుర్తించినంత మాత్రమున చాలదని, ఆ స్థలమున ఏ భాష మాటలాడబడుచున్నదో తెలియవలెనని స్పష్టమయ్యెను. న్యూయార్కు నగరమున రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమునకు చెందిన సారా లైబోవిట్జ్ మొదలగువారు తరువాత అనేక సంవత్సరములు ఈ త్రోవనే నడచి, ఏ రసాయనము ఎంత తినిపించును, ఎట్టి ఆహారమును కోరించును అను విషయములను శోధించిరి.

1971 లో స్వీడనునందలి స్టాక్‌హోమ్ నగరమున ఉంగెర్‌స్టెట్ చేసిన పరిశోధన పాత సిద్ధాంతమునకు గట్టి దెబ్బ. డోపమైన్ అను రసాయనమును మోయు నరముల దారి యొకటి హైపోథలమస్ ప్రక్కగా పోవుచున్నది. ఆ దారిని హైపోథలమస్‌కు వెలుపలనే ఒక విషముతో తెంపినచో ఎలుక తిండిని, నీరును మానెను. అనగా ఆనంద్, బ్రోబెక్‌లు విద్యుత్తుతో చెరిపినప్పుడు ఊరితోపాటు ఊరిమీదుగా పోవు బాటయు తెగినదన్నమాట. 1995 లో అమెరికాలో జౌ, పామిటర్ అనువారు డోపమైన్ తయారు కాని ఎలుకలను సృష్టించిరి. అవి ఆహారము చెంతనున్నను తినక కొలది వారములలో చనిపోయినవి. డోపమైన్‌గా మారు మందును ఇచ్చినచో తిని బ్రతికినవి. కోరుటకు కావలసిన కదలిక డోపమైన్ ఇచ్చుచున్నదని దీనివలన తేలెను.

అంతమాత్రమున ఆహారకేంద్రము భ్రమ యని తీర్మానింపరాదు. బాటను చెడగొట్టక, ఊరిలోని కణములను మాత్రమే చంపు మందులు తరువాత వచ్చినవి. వానితో చేసిన ప్రయోగములలో తిండి తగ్గుట కనబడెను గాని, మునుపటంత తీవ్రముగా కాదు. ఆపైని ఆ కణములలో ఏమున్నదో చూచినవారికి క్రొత్త సంగతులు తెలిసినవి. 1998 లో సకురాయ్, యానగిసావా అను జపాను శాస్త్రజ్ఞులు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున పనిచేయుచు, హైపోథలమస్ ప్రక్క భాగపు కణములు తయారుచేయు ఒక పదార్థమును కనుగొని, గ్రీకు భాషలో ఆకలి యను అర్థము గల మాటనుండి దానికి ఒరెక్సిన్ అని పేరు పెట్టిరి. దానిని మెదడున చొప్పించినచో ఎలుకలు ఎక్కువ తినినవి. అదే పదార్థము మెలకువకును మూలమని, అది లేని ఎలుకలు ఉన్నట్లుండి నిద్రలో పడిపోవునని మరుసటి యేట తెలిసెను. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దలు ఆ రెంటిని ఒక్క సామెతలో జతపరచిరి. అవి మెదడునందును ఇరుగుపొరుగులేనని ఇప్పుడు తెలిసినది.

ఇంతవరకు చెప్పినది మెదడు కథ. శరీరమున ఎంత నిలువ యున్నదో ఆ మెదడునకు తెలుపువారెవరు? అమెరికాలో జాక్సన్ ప్రయోగశాలలో 1949 లో పుట్టుకతోనే అతిగా తిని లావెక్కు చిట్టెలుకల వంశమొకటి బయటపడెను. అచటనే డగ్లస్ కోల్‌మన్, రెండు ఎలుకల రక్తము ఒకదానిలోనికి ఒకటి పారునట్లు జతకూర్చి, మామూలు ఎలుక రక్తమున నున్న ఏదో పదార్థము ఈ లావు ఎలుక తిండిని తగ్గించుచున్నదని నిశ్చయించెను. 1994 లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు ఆ పదార్థమునకు మూలమైన జన్యువును పట్టుకొనిరి. క్రొవ్వు కణములు స్రవించు ఆ హార్మోనునకు లెప్టిన్ అని పేరు వచ్చెను. నిలువ చాలినంత యున్నదని అది హైపోథలమస్‌కు వార్త పంపును.

ఈ వార్త అందని మనుష్యుల గతి ఏమి? 1997 లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి వైద్యులు, లెప్టిన్ తయారుకాని ఇద్దరు పిల్లలను గుర్తించిరి. వారిలో ఒక బాలిక తొమ్మిదవ యేటికే 94 కిలోల బరువు పెరిగెను. ఎంత తినినను ఆ పిల్లకు ఆకలి తీరదు. 1999 లో ప్రకటింపబడిన చికిత్స ప్రకారము, దినదినము లెప్టిన్ సూదిమందు ఇచ్చుటతో ఆమె తిండి తగ్గెను. ఒక సంవత్సరములో 16 కిలోల బరువు తగ్గెను. ఆమె స్వభావము మారలేదు, ఎవరును నీతిబోధ చేయలేదు. లేని వార్తను చేర్చినంతనే ఆకలి మేరకు వచ్చెను. ఇట్టి లోపము బహు అరుదు. సామాన్యముగా లావైనవారి రక్తమున లెప్టిన్ ఎక్కువగనే యుండుటచే ఆ మందు వారికి పనికిరాలేదు. అయినను ‘తిండిపోతు’ అను మాటను తేలికగా వాడరాదని ఆ ఒక్క ఉదాహరణము చాటుచున్నది.

దీనికి ఎదురుగా ఆకలి మనుష్యుని మనస్సును ఏమి చేయునో కూడ చూడవలెను. రెండవ ప్రపంచయుద్ధపు చివరి కాలమున, 1944, 1945 సంవత్సరములలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ ముప్పదియారుగురు యువకులపై ఒక పరీక్ష జరిపెను. యుద్ధము చేయుట తమ మనస్సాక్షికి విరుద్ధమని చెప్పి, లోకహితమునకై తామే ముందుకు వచ్చిన యోగ్యులు వారు. ఇరువదినాలుగు వారములు వారికి సగము తిండి పెట్టిరి. శరీరపు బరువులో నాలుగవ వంతు తగ్గెను. అంతకంటె గమనింపదగినది వారి నడవడిలో వచ్చిన మార్పు. చదువు, స్నేహము, హాస్యము వదలిపెట్టిరి. చీటికిమాటికి కోపగించుకొనిరి. వంటల పుస్తకములను పోగుచేసిరి. కంచములను నాకిరి. నీతిపరులైన యువకులను ఇంతగా మార్చినది అవినీతి కాదు, ఆకలి. కూటికొరకు కోటి విద్యలను మన సామెతలోని కోటి విద్యల వెనుక ఈ బాదంపప్పంత మెదడు తునుకయే యున్నది.

అట్లయినచో మనుష్యుని సంకల్పమునకు విలువ లేదా? ఈ ప్రశ్నను ఆనంద్ విడిచిపెట్టలేదు. ఆయన, ఛీనా, బల్‌దేవ్ సింగ్‌లు యోగుల మెదడునందలి విద్యుత్తరంగములను నమోదు చేసి, 1961 లో ప్రకటించిరి. సమాధిలోనున్న యోగి చెంత చప్పుడు చేసినను, వెలుగు చూపినను తరంగముల తీరు చెదరలేదు. మంచువంటి నీటిలో చేయి యుంచిన యోగులయందును అట్లే యుండెను. అభ్యాసముచే మనస్సు శరీరముపై కొంత అధికారమును సంపాదింపగలదని ఒప్పుకొనవచ్చును. కాని ఆ అధికారము అందరికి ఒకే వెలకు దొరకదు. వార్త సరిగా అందు మెదడు గలవాడు ఒక ముద్ద మానుట యొక యెత్తు. వార్తయే అందనివాడు మానుట మరియొక యెత్తు. ఏకాదశినాడు కోరి ఉపవసించువానికి ద్వాదశి పారణ ఉన్నది. ఇంట గింజలు లేనివానికి ఆ ధైర్యము లేదు.

2021 లో అమెరికా ప్రభుత్వము బరువు తగ్గించుటకై అనుమతించిన సెమాగ్లూటైడ్ అను మందు, ప్రేగులు స్రవించు ఒక హార్మోనును అనుకరించి, మెదడుపైనను పనిచేసి, ఆకలిని తగ్గించుచున్నది. కడుపునుండి తలకు సాగిన ఈ శాస్త్రము ఇప్పుడు ప్రేగు, క్రొవ్వు, రక్తము, మెదడు అన్నిటిని కలుపు సంభాషణగా ఆకలిని చూచుచున్నది. 1951 నాటి కేంద్రము నేడు ఆ సంభాషణలోని ఒక కూడలి మాత్రమే. కాని ఆ కూడలిని మొదట గుర్తుపెట్టి చూపినవారు లేనిచో తరువాతివారికి ఎక్కడ వెదకవలెనో తెలియకుండెడిది. లావైనవానిని చూచి నవ్వుటకును, ఆకలిగొన్నవాని ఆగ్రహమును దుర్గుణమని తలచుటకును ముందు, వాని మెదడునకు ఏ వార్త అందినదో, ఏ వార్త అందలేదో యని ఒక్క క్షణము ఆలోచించుట మనకు న్యాయము.